వయస్సు సుమారు నలభై రెండు

పెనుకొండ సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందు రేకుల పంచలో ముప్పై ఏళ్లు నా బల్ల ఉంది. దస్తావేజు రాయించుకోవడానికి వచ్చినవాళ్లను మొదట పేరు అడుగుతాను, తర్వాత తండ్రి పేరు, మూడోది వయస్సు. మొదటి రెండింటికీ జవాబు టక్కున వస్తుంది. మూడోదాని దగ్గర మనిషి తడబడతాడు. "అదేదో నువ్వే చూసి రాయి సాబూ" అంటాడు. నేను తల వెంట్రుకలు, పండ్లు, చేతుల మీది నరాలు ఓసారి చూసి "వయస్సు సుమారు 55 సం॥లు" అని రాసేస్తాను. ఒకసారి ఎర్రమంచి అన్నదమ్ముల్లో అన్నకు యాభై, తమ్ముడికి యాభై మూడు రాశాను. తమ్ముడు ఆ కాగితం పట్టుకుని ఇంటి పెద్దరికం తనదేనని పంచాయితీ పెట్టాడు. సుమారు అనే మాటే లేకపోతే నన్ను ఆ రోజు ఎర్రమంచి వాళ్లు చెట్టుకు కట్టేసేవాళ్లు.

ఇన్ని వయసులు పంచిపెట్టిన నన్ను వయసు దగ్గరే పట్టుకున్న మనిషి ఒకామె ఉంది. పేరు చౌడక్క. ధర్మవరంలో పట్టు మగ్గాలకు అచ్చులు అతికేది. చదువు రాదు. నేను జీవితంలో ఎందరో ఆఫీసర్లకు దండం పెట్టాను, అవసరం కొద్దీ. అవసరం లేకుండా మనసులో దండం పెట్టుకున్నది ఈమెకొక్కదానికే. ఆమె సంగతి చెప్పాలంటే ముందు నా రెండో బతుకు కొంచెం చెప్పాలి.

నేను డిటెక్టివ్ నవలలు రాసేవాణ్ణి. హిందూపురంలో పెళ్లిపత్రికలు, కరపత్రాలు వేసే బాలాజీ అనే ఆయన 1984లో నా చేత మొదటిది రాయించాడు. తొంభై ఆరు పేజీలు, బొమ్మ అట్ట, లోపల న్యూసుప్రింటు. రచయితగా ఇమాం అని నా పేరే వేశాడు, పేరు ఖర్చులేనిది కాబట్టి. డిటెక్టివ్ పేరు సర్వోత్తమరావు. మొదటి పేజీలో ఆయన్ని దస్తావేజులో పార్టీని దించినట్టే దించాను: బెంగళూరు కాపురస్తుడు, ప్రైవేటు డిటెక్టివ్ వృత్తి, వయస్సు నలభై రెండు, గద్ద చూపు. ఆ చూపుతో ఆయన వీధి అవతల నడిచే మనిషి చొక్కాకు అంటిన వెంట్రుకను కూడా పట్టేవాడు. జనం ఎగబడి చదివారు. ధర్మవరం జంక్షన్లో, హిందూపురం బస్టాండులో వేసినవి వేసినట్టు అమ్ముడయ్యాయి.

దస్తావేజు రాసేవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. కొత్తది రాసేటప్పుడు పాతది పక్కన పెట్టుకుని హద్దులు, ఇంటిపేర్లు, వివరాలు అన్నీ మక్కీకి మక్కీ దించేస్తాం. అలా ఒకసారి చచ్చిపోయి నాలుగేళ్లయిన మనిషిని తూర్పు హద్దులో "ప్రస్తుతం సాగుచేసుకుంటున్న" అని దించి, వాళ్ల కొడుకు చేత చీవాట్లు తిన్నాను. నవలలకూ అదే చేశాను. కొత్త నవల మొదలుపెట్టాలంటే పాత నవల మొదటి పేజీ ముందు పెట్టుకునేవాణ్ణి. పన్నెండేళ్లలో ముప్పై ఎనిమిది నవలలు రాశాను. సర్వోత్తమరావుకు నలభై రెండు అలాగే ఉండిపోయింది. ఈ లోపల నాకు మోకాళ్ల నొప్పులు వచ్చాయి, మా ఆవిడ హజరాబీకి తల సగం నెరిసింది. ఆయనకు మాత్రం ఏమీ కాలేదు.

1996లో బాలాజీ ప్రెస్సుకు ఒక కార్డు వచ్చింది. దాన్ని నేను ఇప్పటికీ దాచుకున్నాను. అందులో ఇలా ఉంది.

"రాసేటాయప్పకు, ధర్మవరం నుంచి చౌడక్క చెప్తాంటే సాయిసుధ రాసేది. మీ సర్వోత్తమరావుకు పన్నెండేండ్ల నుంచి నలభై రెండేండ్లే ఉండాది. రెండో బుక్కులో ఆయన కూతురు ఉయ్యాల్లో ఉన్న్యది, మొన్నటి బుక్కులో ఆరో తరగతికి వచ్చింది. ఆ పాప ఒగతే పెరుగుతాందా? ఇంగొకటి. ఏడో బుక్కులో ఆయనకు ఎడమ భుజంలో కత్తి దిగె. పదకొండో బుక్కులో ఆ చేత్తోనే ఇనప బీరువా ఎత్తినాడు. ఎట్ల?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పరీక్షకు చదివినట్టు నా పుస్తకాల్లో తప్పులు ఏరడానికి ఈమెవరు? ఇంట్లో చదివి వినిపిస్తే హజరాబీ వంట ఆపి మరీ నవ్వింది. "ఆయమ్మ అడిగిందాంట్లో తప్పేముండాది? నా వయసన్నా పెంచినావు, ఆయప్పది పెంచల్యా" అంది. ఆ మాటతో మంట రెట్టింపయింది. వచ్చిన ఆదివారమే ప్యాసింజరు ఎక్కి ధర్మవరం పోయాను, ఆ మనిషికి నాలుగు మాటలు గట్టిగా చెప్పి రావాలని.

సాయిసుధ అంటే మూడు మగ్గాల చెన్నకేశవులు కోడలు. వాళ్ల ఇల్లు అడిగితే చూపించారు. లోపల రెండు మగ్గాలు ఆడుతున్నాయి. మూడోది ఆగి ఉంది, దాని ముందు ఒక సన్నపాటి మనిషి కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయని నా అలవాటు ప్రకారం వయసు కట్టాను. పక్కన స్టూలు మీద సాయిసుధ నా ముప్పై ఎనిమిదో నవల పట్టుకుని, మగ్గాల చప్పుడు మీదికి గొంతు లేపి చదువుతోంది. నేనే రచయితనని చెప్పుకుని, జేబులోంచి కార్డు తీశాను. చౌడక్క తల తిప్పలేదు.

"కూసో అప్పా. ఈ పుంజం అయిపోనీ" అంది.

తిట్టడానికి వచ్చినవాణ్ణి కూర్చున్నాను.

అచ్చు అతకడం నేను అంతకు ముందు చూడలేదు. అచ్చంటే నాకు తెలిసింది బాలాజీ ప్రెస్సు అచ్చే. ఇది వేరు. మగ్గం మీద చీరలు నేయడం అయిపోయాక పాత నిలువు పోగుల కొసలను పన్నెలో, అంటే పోగులు దూరే దువ్వెనలాంటి చట్రంలో, అలాగే వదిలేస్తారు. కొత్త పోగుల చుట్ట తెచ్చి, ఒక్కో కొత్త పోగును ఒక్కో పాత పోగుకు కలపాలి. ముడి వేయకూడదు, వేస్తే పన్నెలో దూరదు. వేళ్లకు బూడిద అద్దుకుని రెంటినీ ఒక్క మెలి పెట్టాలి, అంతే. అరవై పోగులు ఒక పుంజం. అట్లాంటి పుంజాలు అన్నీ కలిపి నాలుగు వేల పైచిలుకు పోగులు. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా పని. ఒక్క పోగు పక్క పోగుతో తారుమారైతే చీర పొడవునా గీత పడుతుంది, నేసినవాడి కష్టం గంగపాలు.

ఆమె వేళ్లు బూడిద మీదికి, పోగు మీదికి పోయి వస్తున్నాయి. నేను ఒక పోగు కలపడం సరిగా చూద్దామనుకునేసరికి నాలుగు అయిపోయేవి. మూడుసార్లు ప్రయత్నించి మానుకున్నాను. నా కోపం ఎప్పుడు దిగిందో తెలియదు. నోరు తెరుచుకుని చూస్తున్నానని సాయిసుధ నవ్వితే తెలిసింది.

పుంజం అయ్యాక చౌడక్క నడుము వెనక్కి విరిచి, అప్పుడు నాతో మాట్లాడింది. నా మొదటి నవల నుంచి ముప్పై ఎనిమిదో దాకా ఎవరు ఎవర్ని చంపారో, ఏ ఊళ్లో, ఎందుకో వరసగా చెప్పుకుపోయింది. రాసినవాణ్ణి నాకే సగం గుర్తులేవు. ఎట్లా గుర్తుంటాయని అడిగితే, చేతికీ కంటికీ పనుంది, చెవి ఊరికే కూర్చుంటే పాపం కదా అంది. కొత్తచెరువు దగ్గర పల్లెలో పుట్టి, పెళ్లయి ఈ ఊరొచ్చి, అత్త దగ్గర ఈ పని నేర్చుకుందట. భర్త మగ్గం నేస్తూనే జబ్బుపడి పోయాడు. అప్పటి నుంచి ఒక్క గదిలో ఒక్కతే. ఎవరింటికీ తానుగా పోయి పని అడగదు. ముందురోజు వచ్చి పిలవాలి, పెళ్లికి పిలిచినట్టు. పిలిచి పిలిచి ఆ వీధుల్లో ఆమెకు తీరికే ఉండేది కాదు.

చివరికి నా తప్పేమిటో ఆమె తన పని మాటల్లోనే చెప్పింది.

"నువ్వు బుక్కు బుక్కుకీ పన్నె ఊడదీసి కొత్తగా ఎక్కిస్తాండావప్పా. అట్ల కాదు. పాతది జానెడన్నా మిగలల్ల. లేకుంటే కొత్త పోగు దేన్ని పట్టుకుంటాది?"

తిరుగు రైల్లో ఆ మాట నన్ను వదల్లేదు. కథలు రాయడం గురించి అంతకంటే గొప్ప మాట నాకు ఎవరూ చెప్పలేదు. ఒప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, పన్నెండేళ్లు రాశాక ఆ రోజే నేను రచయితనయ్యాను.

దస్తావేజులో తప్పు పడితే సవరణ దస్తావేజు అని ఒకటి రాస్తాం. ముప్పై తొమ్మిదో నవలను అలా రాశాను. అందులో సర్వోత్తమరావును కూతురు నిలదీస్తుంది: నువ్వు పన్నెండేళ్లుగా అందరికీ నలభై రెండు అనే చెప్తున్నావు నాన్నా, అని. ఆయన గడ్డం గోక్కుని, యాభై నాలుగు అని నిజం చెప్పేస్తాడు. చెప్పినరోజు నుంచి ఆయన ఎడమ భుజం చలికి నొప్పి పెట్టడం మొదలైంది. బాలాజీ తలపట్టుకున్నాడు. ముసలాణ్ణి ఎవరు చదువుతారు సాబ్, నీ చేతుల్తో నువ్వే చంపేశావు అన్నాడు. కానీ నవల ఆడింది. ఇన్నాళ్లకు మా ఇంటి మనిషిలా మాట్లాడాడని ఉత్తరాలు వచ్చాయి.

అప్పటి నుంచి సర్వోత్తమరావుకు ఏ కష్టం తేవాలన్నా నేను ధర్మవరం పోయేవాణ్ణి. మోకాలు పట్టేస్తే మనిషి ఏం చేస్తాడని అడిగాను. "మెట్లుండే ఇంటికి పోడు. వాళ్లనే కిందికి పిలుస్తాడు, పెద్దమనిషినని చెప్పి" అంది. అలాగే రాశాను. ఆయన దొంగల వెంట పరుగెత్తడం మానేశాడు. వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి, టీ తెప్పించి, మాట్లాడనిచ్చేవాడు. పరుగెత్తినన్ని రోజులు దొరకనివి కూర్చుంటే దొరికాయి. టీవీ సీరియళ్లు వచ్చి బాలాజీ దగ్గర మిగతా రచయితలంతా మూతపడ్డా, సర్వోత్తమరావు ఏడాదికి ఒకటో రెండో పుస్తకాలతో కుంటుకుంటూ నడిచాడు. మా ఆఫీసుకు కంప్యూటరు వచ్చి, నా చేతిరాతకు గిరాకీ తగ్గింది. ఆయనకు మాత్రం తగ్గలేదు.

2003లో నాకు ఒక ఆలోచన వచ్చింది. ఆయన చూపు తీసేస్తే? గద్ద చూపే ఆయన పని. ఆ పనిముట్టే పోతే ఆయన బతుకేమిటి? ఆదివారం చెన్నకేశవులు ఇంటికి పోయి, అచ్చు అతుకుతున్న చౌడక్కను అడిగాను.

నేను గడప దగ్గర చెప్పులు విడుస్తుంటేనే "రా సాబూ" అంది. అడిగింది విన్నంతసేపూ వేళ్లు మాత్రం ఆగలేదు. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. ఆయన ముందు ఎవరికీ చెప్పడు. తెలియనట్టు అన్నీ అడిగి తెలుసుకుంటాడు. రంగు తెలియాలంటే, రంగు బాగుంది, ఏమంటారు దీన్ని అని మెచ్చుకుంటాడు. మనిషిని నడకతో పడతాడు. వస్తువు ఎక్కడ పెట్టింది అడుగులతో లెక్కపెట్టుకుంటాడు. వేళ్లకు తెలియనిది ఏదైనా ఉంటే కింది పెదవికి ఆనించి చూస్తాడు, వేలికి కాయలు కాస్తాయి గానీ పెదవికి కాయవు కదా అంది. నేను సంబరంగా అన్నీ రాసుకున్నాను. పోతూ పోతూ చూస్తే, చెన్నకేశవులు పక్క ఇంటికోసం తెచ్చిన పోగుల చుట్ట ఆమె ముందు పెట్టాడు. "బాగుండాదే. ఏం రంగంటారప్పా దీన్ని?" అంది చౌడక్క.

రైలు కదిలాక నోటుబుక్కు తెరిచాను. రెండో పేజీ దగ్గర ఆగిపోయాను. రంగు మెచ్చుకుని అడగడం. చెప్పుల చప్పుడుకే రా సాబూ అనడం. ఆ రోజంతా ఆమె ముఖం పోగుల వైపు కాదు, కిటికీ వైపు ఉంది. నలభై ఎనిమిది నవలల్లో హంతకుల్ని పట్టుకున్న నేను, ఎదురుగా కూర్చున్న మనిషికి కళ్లు కనపడడం లేదని రైలెక్కాక కనిపెట్టాను. నా తెలివిని తగలెయ్య.

మరుసటి ఆదివారం ఆమెకు పనిలేదని తెలిసి ఆమె గదికే పోయాను. అడగక ముందే ఆమెకు తెలిసిపోయింది.

"రెండేండ్లాయ సాబూ. వెలుగుంటే వెలుగని తెలుస్తాది, అంతే. ఎవురికీ చెప్పల్యా."

ఎందుకు చెప్పలేదో నేను అడగాల్సిన పని లేదు. అదే వీధిలో అంజినమ్మ అని ఇంకొక అచ్చు అతికే ఆమె ఉండేది. కంట్లో పొర వచ్చి ఒక అచ్చులో పోగులు తారుమారు చేసింది. ఆ తర్వాత ఆమెను పిలిచే గడప లేదు. ఇప్పుడు గుడి ముందు పూలు కడుతోంది. చౌడక్క పెద్దాసుపత్రికి పోయి చూపించుకుందట, లోపలి నరం ఎండిపోయింది, ఆపరేషనుకు లొంగదన్నారట. తెలిస్తే తన గతీ అంతేనని ఆమెకు తెలుసు. పోగు వరస తప్పకుండా మధ్యలో రెండు పుల్లలు ఉంటాయి కాబట్టి, ఆ వరస వెంట వేళ్లను నడిపిస్తూ రెండేళ్లు నెట్టుకొచ్చింది.

నేను నోటుబుక్కు మూసేశాను. ఈ నవల రాయను అన్నాను. రాస్తే సాయిసుధ చదువుతుంది, ఆ పెదవి సంగతి వినగానే వీధి వీధంతా ఇది చౌడక్కే అంటారు. వేరే ఏదైనా రాసుకుంటాను, ఆయన కళ్లు బాగానే ఉంటాయిలే అన్నాను.

చౌడక్క ముఖం ఎర్రబడింది. ఆమెకు కోపం రావడం నేను అదొక్కసారే చూశాను.

"రాయల్ల. దినామూ భయపడి చస్తాండా. ఒగ దినం తెలియకుండా పోతాదా? ఆ దినం ఏం చెప్పల్నో, ఎట్ల నిలబడల్నో నాకు తెలీదు. ఆయప్పకు తెలుస్తాది. ఆయప్ప ఎట్ల చేస్తాడో రాయి. నేను సూసి చేస్తా."

నేను కల్పించిన మనిషి నన్ను మించి పోయి ఎక్కడో ఒకరికి పెద్దదిక్కయ్యాడని ఆ క్షణం తెలిసింది. భయం కూడా వేసింది. ఆయన తప్పుదారి చూపిస్తే ఆమె కూడు పోతుంది.

నలభై తొమ్మిదో నవల రాయడానికి నాకు ఐదు నెలలు పట్టింది. సర్వోత్తమరావు తన చూపు సంగతి కక్షిదారుకు చెప్పే పేజీని పద్నాలుగుసార్లు రాసి చించాను. ఒకసారి ఏడిపించాను. ఒకసారి తెలివిగా తప్పించాను. ఒకసారి కక్షిదారు కాళ్లు పట్టించాను. ఏదీ చౌడక్క చేయగలిగేది కాదు, చేస్తే చూడలేను. చివరికి ఆయన చేత నాలుగే మాటలు పలికించాను. పంపిస్తే బాలాజీ, గుడ్డి డిటెక్టివా అని ఒకటే గొణిగి, చదివాక ఆ వారమే ప్రెస్సుకు ఎక్కించాడు.

పుస్తకం వచ్చిన రోజు హిందూపురం పోయి మొదటి కాపీ నేనే తీసుకుని ధర్మవరం వచ్చాను. చెన్నకేశవులు ఇంట్లో ఆ రోజు చౌడక్క అచ్చు అతుకుతోంది. అతకాల్సిన పోగుల చుట్ట చూశాను. నల్లది. పాత కొసలు కూడా నలుపే. కళ్లున్నవాళ్లకే అది అన్నిటికంటే కష్టం. పుస్తకం రేపు చదువుకోమని సాయిసుధకు ఇచ్చి తప్పించుకుందామనుకున్నాను. "కొత్త బుక్కు తెచ్చినాడు సాబు. సదువు సుధమ్మా" అంది చౌడక్క.

సాయిసుధ చదివింది. మొదటి నలభై పేజీలు సాఫీగా సాగాయి. తర్వాత సర్వోత్తమరావు రంగు మెచ్చుకోవడం వచ్చింది. సాయిసుధ గొంతు కొంచెం తగ్గింది. అడుగుల లెక్క వచ్చింది. పెదవి వచ్చింది. సాయిసుధ ఆగిపోయి పుస్తకం మీది నుంచి చౌడక్క చేతుల వైపు చూసింది. అవతల చెన్నకేశవులు మగ్గం ఆగింది. ఆ పక్కది కూడా ఆగింది.

"ఆపొద్దు తల్లీ. ఆయప్ప ఏమన్యాడో సదువు" అంది చౌడక్క. వేళ్లు నడుస్తూనే ఉన్నాయి.

సాయిసుధ చదివింది: "నాకు చూపు పోయి రెండేళ్లయింది. మీకు చెప్పలేదు. నా పని మీ కళ్ల ముందు చేస్తాను, చూడండి. ఉంచడం, పంపడం మీ ఇష్టం."

చౌడక్క తల ఎత్తి చెన్నకేశవులు మగ్గం ఉన్న వైపు ముఖం తిప్పింది.

"నా మాట కూడా అంతేనప్పా" అంది.

చెన్నకేశవులు మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు. ఆయన మంచివాడే గానీ మెతక మనిషి కాదు. ఒకసారి అంచు పోయిన చీరకు సొంత తమ్ముణ్ణే మగ్గం దించేశాడు. ఆయన చౌడక్క ముఖం ముందు చెయ్యి అటూ ఇటూ ఆడించాడు. ఆమె రెప్ప కదల్లేదు. ఆయన పీట వేసుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. అతికినంత మేర పోగుల మీద వంగి చూశాడు. మిగిలింది కూడా అతకమన్నాడు.

సాయంత్రం దాకా ఆ ఇంట్లో ఎవరూ లేవలేదు. నలుపు మీద నలుపు. ఒక్కో పోగు ఎక్కడుందో నాకైతే కనపడనే లేదు. ఆమె చూపుడువేలు పుల్లల వరస మీద పోగును లేపుతుంది, బొటనవేలు జతను వెతుక్కోకుండానే అందుకుంటుంది, బూడిద, మెలి, తర్వాతిది. పుంజం పూర్తయినప్పుడల్లా వంగి కింది పెదవిని పోగుల మీద ఒక కొస నుంచి ఇంకో కొసకు జరుపుతుంది. మసీదులో తప్ప ఇంకెక్కడా నాకు అలాంటి నిశ్శబ్దం, అలాంటి గౌరవం మనసులో కలగలేదు. దేవుడు మనిషికి పది వేళ్లు ఇచ్చింది ఇందుకా అనిపించింది. నా ముప్పై ఏళ్ల రాతలో ఒక్క వాక్యం కూడా ఆ చేతుల్లో ఒక మెలికి సరిరాదు.

పొద్దుగూకేసరికి చివరి పోగు అయింది. ఆమె చేతులు దులుపుకుని, చెన్నకేశవులుతో అంది.

"కుడి పక్క నుంచి ఇరవయ్యో పుంజంలో రెండు పోగులు తారుమారైనాయి. సుధమ్మ సదివేది ఆపె గదా, అప్పుడు నా ఏలు తప్పె. ఎత్తి సూపిస్తా, విప్పి అతకల్ల."

చెన్నకేశవులు బల్బు దగ్గరికి లాగి, భూతద్దం పెట్టి, ఆ పుంజమంతా వెతికాడు. సాయిసుధ వెతికింది. నేనూ వెతికాను. మాకు మూడు జతల కళ్లకూ ఏ తప్పూ దొరకలేదు. లేదన్నాడు చెన్నకేశవులు. చౌడక్క వంగి పెదవి ఆనించి, రెండు వేళ్లతో రెండు పోగుల్ని అరవైలోంచి ఏరి పైకెత్తింది. అప్పుడు కనపడింది, ఒకదాని మీది నుంచి ఇంకొకటి దాటి ఉంది. ఆమె చెప్పకపోతే చీర మీద గీత పడేదాకా ఆ తప్పు ఎవరికీ తెలిసేది కాదు. చెప్పి తన కూటికే ఎసరు పెట్టుకుందేమో అనుకున్నాను.

చెన్నకేశవులు భూతద్దం పక్కన పెట్టాడు.

"రెండేండ్లుగా నా మూడు మగ్గాలకూ నీ అచ్చులే గదా. ఒగ చీర కూడా వాపసు రాల్యా" అన్నాడు. "సోమవారం ఆ మూల మగ్గానికి అచ్చు వస్తాది. ఇదో, ఇప్పుడే పిలుస్తాండా. ఇంగ రంగు తెలుసుకోవల్లంటే నేరుగా అడుగు, ఆ నాటకాలొద్దు."

చౌడక్క నవ్వింది. నాకు మాత్రం కళ్లు మసకబారి, కాసేపు నాకూ ఏమీ కనపడలేదు. ఆమె నన్ను గడప దాకా సాగనంపి, అక్కడ ఆపింది.

"సాబూ, ఒగటి చెప్తా, కోపం చేసుకోవద్దు. ఆయప్ప కండ్లు పోయినాక కూడా నీ బుక్కులో ఒగ తప్పన్నా చేయల్యా. అది అబద్ధం" అంది.

యాభయ్యో నవలలో సర్వోత్తమరావు మొట్టమొదటిసారి తప్పు మనిషిని అనుమానించాడు. ఎవరూ పట్టుకోకముందే తానే పోయి చెప్పుకున్నాడు. అది 2004లో వచ్చింది. అన్ని పుస్తకాల్లోకీ అదే మంచిదని జనం అన్నారు. అది ఎవరి పోగుకు అతికిందో నాకూ ధర్మవరంలో ఒక వీధికీ తెలుసు.

ఆ ఏడాదే చేనేత సొసైటీ వాళ్లు గుర్తింపు కార్డులకు దరఖాస్తులు తీసుకున్నారు. నేసేవాళ్లకే కాదు, అచ్చు అతికేవాళ్లకూ ఇవ్వాలని చెన్నకేశవులు పోట్లాడి ఒప్పించాడు. చౌడక్క కాగితం నింపడానికి నన్నే పిలిపించాడు, దస్తావేజు రాసే చెయ్యి కదా అని. ఆమె ఎప్పటిలాగే మగ్గం ముందు కూర్చుని పని చేస్తోంది. పేరు రాశాను. భర్త పేరు రాశాను. వృత్తి దగ్గర అడిగితే "అచ్చు అతికేది" అని గట్టిగా చెప్పింది. తర్వాత వయస్సు వచ్చింది.

ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ తలెత్తి ఆమె జుట్టు చూశాను, చేతుల మీది నరాలు చూశాను. కలం కదల్లేదు. ఒక ముఖం చూసి వయసు కట్టలేకపోవడం నాకు అదే మొదలు. ఎన్నేళ్లుంటాయి చౌడక్కా అని అడిగాను.

"నాకెట్ల తెలుస్తాదప్పా. రాసిపెట్టిన్యోళ్లు ఎవురున్యారు?" అంది. ఒక పోగు మెలిపెట్టి, ఇంకో పోగు అందుకుని, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ అంది.

"సర్వోత్తమరావుకు ఇప్పుడు ఎంత రాసినావో, నాకూ అంతే రాయి."

అరవై రెండు అని రాశాను. ముందు సుమారు అని పెట్టలేదు.